ఆమెన్ అనేదాకా ఆగాల్సిందే

మా నాయనమ్మ కళావతి నన్ను ఎన్నడూ తిట్టలేదు. తిట్టాల్సినవన్నీ దేవుడికి చెబుతుంది. పొద్దుగూకగానే ఇంట్లో ప్రార్థన. అందరం కళ్లు మూసుకున్నాక మొదలుపెడుతుంది:

"ప్రేమగల తండ్రీ, పది ఫెయిలైనా పొట్ట మాత్రం ఫస్ట్‌క్లాసుల పెంచిన నా మనవడు వెస్లీని నీ చేతులల్ల పెడ్తున్న. బారెడు పొద్దెక్కినా లేవడు నాయనా. పత్తర్‌గట్టి దుకాణంల సేటు వీన్ని ఎట్ల భరిస్తున్నడో నీకే ఎరుక..."

మధ్యలో జవాబు చెబుదామంటే ప్రార్థనకు అడ్డుపడకూడదు. ఆమెన్ అన్నాక చెబుదామంటే అప్పటికే ఆమె వంటింట్లో ఉంటుంది. మా ధూల్‌పేట్ గల్లీలో గోడలు పలచన. పక్కింట్లో వినాయక విగ్రహాలు చేసే రామ్‌చందర్ తాత ఇదంతా విని, మర్నాడు నన్ను ఆపుతాడు.

"ఏంరా, నిన్న నీ రిపోర్టు పైకి మస్తుగ పోయింది!"

నాయనమ్మ రిటైరయ్యేదాకా సర్కారు దవాఖానాలో ఆయమ్మగా చేసింది. అప్పుడు రోగుల పక్కలు సర్దింది, ఇప్పుడు వాళ్ల కోసం ప్రార్థిస్తుంది. మా సంఘంలో ఎవరికి జ్వరమొచ్చినా కబురు ముందు ఆమెకే వస్తుంది.

ప్రతి శుక్రవారం ఆడవాళ్లకు ఉపవాస కూటం, ఒక్కోవారం ఒక్కో ఇంట్లో. మధ్యాహ్నం దాకా పచ్చి నీళ్లు ముట్టరు. ఆ తర్వాత ఆ ఇంటివాళ్లు ఉపవాసం విడిపిస్తారు. విడిపించడమంటే పెళ్లి భోజనమే: బగారా అన్నం, దాల్చా, డబుల్ కా మీఠా. ఉపవాసాలు చేసీ చేసీ మా సంఘం బరువెక్కింది. అందరిలోకీ నాయనమ్మ మీఠాకు పేరు. వెనక గల్లీలో అందరూ ఖాలా అని పిలిచే ముస్లిం పెద్దావిడ దగ్గర మా ముత్తవ్వ నేర్చుకున్న వంట అది. ముత్తవ్వ వాడిన రాగి దేగిసలోనే ఇప్పటికీ వండుతుంది.

ఈ ఎండాకాలం నాయనమ్మ కాలి బొటనవేలికి చిన్న దెబ్బ తగిలింది. ఎన్ని రోజులైనా మానలేదు. బస్తీ దవాఖానాకు తీసుకెళ్తే డాక్టరమ్మ షుగరని తేల్చింది. తీపి మానకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని గట్టిగా చెప్పింది.

ఇంటికి రాగానే నాయనమ్మ నా చెవి పట్టుకుంది. "ఎవ్వలకన్న చెప్పినవో, చూడు మరి! అందరి రోగాలకు ప్రార్థన చేసేదానికే రోగమొచ్చిందంటే నవ్వరా?"

"మరి మీఠా?"

"మా అత్త దేగిస రా అది. దాని ఇజ్జత్ నేను తియ్యాల్నా?"

ఆ రోజు నుంచి నడి ఎండలో కూడా కాళ్లకు మేజోళ్లు వేసుకుంది. నేను నా అంతట నేనే ఆరోగ్య శాఖ అధికారిగా కుర్చీ ఎక్కాను. రోజూ నడవాలని చెప్పి, ఆమె నడుస్తుంటే పక్కనే బండి మీద వెళ్లాను. చక్కెర డబ్బా అటక మీద దాచాను. అది దొరక్క ఆమె తినడం తగ్గింది, ఎక్కడుందో తెలిసినవాడు తినడం పెరిగింది.

ఇంతలో కూటం మా ఇంటి వంతుకొచ్చింది. జీడిపప్పు, కిస్మిస్, వాటితోపాటు చక్కెర కూడా తెమ్మని నన్ను ఉస్మాన్‌గంజ్ పంపింది. వద్దని చెప్పాల్సింది. కానీ ఆ బజారులో యాలకుల వాసన తగలగానే అధికారి ఉద్యోగం వదిలేశాడు. తెచ్చాను, దారిలో పిడికెడు తిన్నాను కూడా.

శుక్రవారం సేటుకు తలనొప్పని చెప్పి మీఠా కోసమే ఇంట్లో ఉండిపోయాను. పాటలయ్యాయి, వాక్యమయ్యింది. మూలన గుడ్డ కప్పిన దేగిస ఘుమఘుమలాడుతోంది. కూటంలో పెద్దావిడ ఆగమ్మ చటుక్కున నన్ను చూసింది.

"ఇయ్యాల ముగింపు ప్రార్థన పిలగాడు చెయ్యాలె. లే బిడ్డా!"

లేచాను. అందరూ కళ్లు మూసుకున్నారు.

"ప్రేమగల తండ్రీ, ఈ దినం ఇచ్చినందుకు స్తోత్రం," అన్నాను. తర్వాతి ముక్క రాలేదు. ఏం చెప్పాలో తోచక కళ్లు తెరిచి కిందికి చూశాను. నాయనమ్మ మేజోడు మీద, బొటనవేలి దగ్గర ఎర్రటి మరక కనిపించింది.

నా నోరు దానంతటదే నడిచింది. "తండ్రీ, మా నాయనమ్మ వేలు సంగతి నీకెరికే. షుగరు నాయనా."

"ఆమెన్!" అంది నాయనమ్మ గట్టిగా, నన్ను ఆపడానికి.

ఆమె నాతో ఏకీభవిస్తోందనుకుని కూటమంతా అందుకుంది: "ఆమెన్, స్తోత్రం!"

"తీపి తింటే వేలు పోతదని డాక్టరమ్మ చెప్పింది. అయినా వీళ్ల ముంగట ఇజ్జత్ పోతదని దేగిసెడు వండింది. జీడిపప్పు తెచ్చింది నేనే తండ్రీ, మాఫ్ చెయ్యి. తొవ్వల తిన్నది గూడ నేనే."

"ఆమెన్! ఆమెన్!" నాయనమ్మ ఇంకా గొంతు పెంచింది.

"స్తోత్రం! స్తోత్రం!"

ఎలా ముగించానో గుర్తులేదు. అందరూ కళ్లు తెరిచారు. ఎవరూ నవ్వలేదు. ఆగమ్మ జరిగి జరిగి వచ్చి, నాయనమ్మ మేజోడు మెల్లగా లాగింది. పుండు చూసి, ఆ కాలు తన ఒడిలో పెట్టుకుంది.

"నా మోకాళ్లకు ఇన్నేండ్ల సంది ప్రార్థన చేస్తివి. నీ వేలికి మేం చెయ్యొద్దా, కళావతీ? గంత పరాయోళ్లమా?"

నాయనమ్మ తల వంచుకుంది. పాస్టరమ్మ షారోన్ తన బైబిలు సంచి జిప్పు తీసి మాత్రల పట్టీ చూపించింది. "నాకూ అదే రోగం అక్కా. నీ మీఠా వద్దనలేక ప్రతిసారీ తింటూనే ఉన్న."

"జొన్నపిండి ఉన్నదా ఇంట్ల?" అని ఆగమ్మ కొంగు బిగించింది. ఆ రోజు ఉపవాసం గట్కా అనే జొన్న సంకటి, మజ్జిగతో విడిచారు. మీఠా పండుగకే తప్ప చూడని చిన్నతనాలు వాళ్లవి. గట్కా జారుతుంటే ఒక్కొక్కరూ తమ అవ్వను తలుచుకున్నారు. నాయనమ్మ దేగిసను భద్రంగా దాచుకుంది గానీ, దానికంటే ముందునుంచీ గట్కా వండిన మట్టి చట్టిని మరిచిపోయింది.

దేగిసెడు మీఠాను మాత్రం గోడ మీదుగా రామ్‌చందర్ తాత పనివాళ్లకు అందించారు. అందించింది నేనే. అంత బాధ పది తప్పినప్పుడు కూడా పడలేదు.

వానలు పడేసరికి పుండు మానింది. వేలు నిలిచింది. ఇప్పుడు నాయనమ్మ ఆదివారం చర్చికి పత్తర్‌గట్టి మీదుగా నడిచే వెళ్తోంది. వెనక ఒగరుస్తూ నేను.

మొన్న సాయంత్రం ప్రార్థనలో కళ్లు మూసుకుని అంది: "తండ్రీ, నా వేలు నిలబెట్టినవ్, స్తోత్రం. నా కోసం తెరిచిన నా మనవని నోరును దీవించు. అదే నోట్లెకు అటక మీది చక్కెర ఇంక పోతనే ఉన్నది నాయనా..."

"ఆమెన్!" అన్నాను గట్టిగా.

గోడ అవతలినుంచి రామ్‌చందర్ తాత కూడా "ఆమెన్!" అన్నాడు.

నాయనమ్మ మాత్రం ఆగలేదు.