మామ చేసిన పైపు బెండర్

ఎడారి నడుమ ఇద్దరు వీరులు ఉక్కును వంచిన మహాగాథ చెబుతాను. అంటే... వంగింది ఒక ఇంచు పైపు. వీరుల్లో ఒకడికి నడుము పట్టేసింది. అది నేనే.

ఖతార్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం స్టేడియాలు లేస్తున్న రోజులు. మా వర్క్‌షాప్‌లో వాటికి మెట్ల రెయిలింగులు చేసేవాళ్లం. బర్వా అల్ బరాహా అనే కార్మికుల క్యాంపులో గది. నా కింది మంచం మీద మామ. చుట్టమేమీ కాదు, జగిత్యాల వైపు వెల్డరు, అంతే. ఆయన కూతురికి పుట్టుకతోనే కాళ్లలో బలం తక్కువ. గోడ పట్టుకుని నడిచేది, గోడ అయిపోయిన చోట ఆగిపోయేది. ఆ పిల్ల పట్టుకుని నడవడానికి పైపులతో ఒక స్టాండు చేయాలని మామ పంతం.

"కొనుక్కపోరాదె మామా?"

"కొన్నది దుకాణపోనిది. ఇది బాపు చేసింది అని చెప్పుకోవాలె అది."

పైపులు వంచే కంపెనీ బెండర్ అడిగితే ఫోర్‌మన్ "తుక్కు తీస్కో, మిషన్ మాఫీ" అన్నాడు, అక్కడి అరబ్బీలో మాఫీ అంటే లేదని. ఆ తుక్కులోనే పాత పుల్లీ, రెండు బేరింగులు, ఒక ఇనప ఛానల్ ముక్క ఏరి, మూడు శుక్రవారాల్లో సొంత బెండర్ తయారుచేశాం. మొదటి పైపు వంపు దగ్గర నొక్కుకుపోయి చప్పిడైపోయింది.

"బొండాంలో స్ట్రా లెక్క ఏసుకోను పనికొస్తది మామా."

"నోరు మూసి ఇసుక తే. ఈ దేశంల దానికి కరువా?"

పైపు నిండా ఇసుక కూరి, రెండు కొసలా కట్టె బిరడాలు కొట్టి వంచితే గుండ్రంగా, ముడత లేకుండా వచ్చింది. మామ ఆ వంపును చాలాసేపు నిమిరాడు.

"పిడి ఎంత ఎత్తు?" అని టేపు తీశాను. మామ తొడ మీద చెయ్యి పెట్టి చూపించాడు. "గీడికి. నిలవడితె దాని తల నా బెల్టుకొస్తది."

"నీ ప్యాంటు జారితె పిల్ల పొట్టిదైతది మామా."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన ఇంటికి వెళ్లి మూడేళ్లు. సెలవు అడిగినప్పుడల్లా కంపెనీవాళ్లు "స్టేడియం అయినంక" అనేవారు. మేమిద్దరం బెల్టును చూశాం గానీ ఆ మూడేళ్లను చూడలేదు.

స్టేడియం అయింది. మామ స్టాండు తీసుకుని ఊరికి వెళ్లాడు. రెండో రోజు వీడియో కాల్. పిల్ల పిడులు పట్టుకుని, కిందపడ్డ సూది వెతుకుతున్నట్టు వంగి రెండడుగులు వేసింది.

"నడుము నొస్తంది బాపూ."

వదిలేసి మళ్లీ గోడ పట్టుకుంది. మామ ఫోన్ అటు తిప్పి, "సున్నం మంచిగేసిండ్రు సూడు అల్లుడూ" అన్నాడు. సున్నం ఎక్కడిది! గోడ పొడుగునా చేతి మరకలు, రెండు వరసలు, కింద పాతవి, పైన కొత్తవి. మా టేపు కొలిచింది కింది వరసను.

స్టాండు నాలుగు కాళ్లకూ పొడిగింపు ముక్కలు పెట్టించి, పిల్ల పెరిగినకొద్దీ లాగి బోల్టులు బిగించమన్నాను. ఇంచు పైపులోకి ముప్పావు ఇంచు పైపు దూరుతుంది.