ప్లంబర్ వీసా మీద వచ్చిన ఫుట్‌బాల్ కోచ్

2018లో నేను అరబ్బు దేశంలో, ధహ్రాన్ పక్కన ఒక కాంపౌండ్‌లో, స్పోర్ట్స్ క్లబ్ లాండ్రీలో పని చేస్తున్నాను. కాంపౌండ్ అంటే చుట్టూ ఎత్తు గోడ, లోపల ఇంజనీర్ల ఇళ్లు, వాళ్ల పిల్లలకు ఈతకొలను, ఒక ఫుట్‌బాల్ మైదానం. నన్ను పెట్టుకున్నది కాంపౌండ్ వాళ్లు కాదు. మనుషుల్ని సప్లై చేసే కంపెనీ ఒకటి నన్ను తెచ్చి అక్కడికి పంపింది. నా పని ఆటవాళ్ల బట్టలు ఉతకడం, బూట్లు ఆరబెట్టడం. నా ఇఖామాలో, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డులో, మాత్రం ‘ఖయ్యాతా’ అని ఉండేది, అంటే ఆడ దర్జీ. నాకు సంతకం తప్ప రాత రాదు. ఆ ముక్క కూడా ఒకరు చదివి చెబితే తెలుసుకున్నాను.

ఇది తప్పు రాత కాదు, అక్కడి పద్ధతి. కంపెనీలకు వీసాలు పని పేరు మీద వస్తాయి. ఇన్ని దర్జీ వీసాలు, ఇన్ని మేస్త్రీ వీసాలు అని కట్టగా ఇస్తారు. మనిషి దొరికిన రోజున చేతిలో ఏ వీసా ఉంటే అది ఆ మనిషికి తగిలిస్తారు. మా ఆయన జుబైల్‌లో షట్‌డౌన్ పనులకు పోయేవాడు. షట్‌డౌన్ అంటే ఫ్యాక్టరీ ఆపేసి రాత్రింబవళ్లు చేసే మరమ్మతు. ఆయన వెల్డర్, కాగితంలో రాత ఫిట్టర్. ఫిట్టర్ పని కూడా వచ్చని ఒకరోజు సరదాకి చేసి చూపించాడు. ఆ రోజు నుంచి రెండూ ఆయన నెత్తినే పెట్టారు. అక్కడే చనిపోయాడు. నా కూడు నేను సంపాదించుకోవాలని రాయచోటి పక్క నుంచి నేనూ ఆ దేశమే పోయాను.

నేను చేరేనాటికే క్లబ్‌లో లెన్ అని ఒక ఇంగ్లీషు కోచ్ ఉన్నాడు. ఎర్రటి మెడ, వంకర మోకాలు, ఆగని నోరు. వినీ వినీ అతని ఇంగ్లీషు నాకు అర్థమయ్యేది, తిరిగి మాట్లాడటం మాత్రం రాదు. తాను ఇంగ్లాండులో ఫుట్‌బాలే వృత్తిగా బతికినవాడినని, మైదానం మధ్యలో ఆడేవాడినని అందరికీ చెప్పేవాడు. మధ్యవాడి పని నాకు అర్థమైనంతవరకు ఇది: వెనకవాళ్ల దగ్గర బంతి అందుకుని ముందువాళ్లకు చేర్చడం. గోల్ పడితే పేరు ముందువాడికి, పడనిస్తే తిట్లు వెనకవాడికి, పరుగు మాత్రం మధ్యవాడికి.

ఇంగ్లాండులో ఆటకు మెట్లు ఉంటాయట. లెన్ ఆడింది నాలుగో మెట్టులో, దాని కింద ఉన్నవాటిలో. ఒక చలికాలం మూడో మెట్టు ఎక్కి, ఎండ వచ్చేసరికి దిగిపోయాడు. తొమ్మిది టీములు మారాడు. అందులో సగం అరువుకు పంపినవే. ఒక టీము తన మనిషిని ఇంకో టీముకు కొన్నాళ్లు ఇస్తుందట. అది ఆయన గొప్పగా చెబుతుంటే నాకు నవ్వొచ్చేది. నన్ను కంపెనీ సప్లై చేసినట్టే ఇతన్నీ చేశారు, అంతే కదా. అతను దాన్ని కెరీర్ అంటాడు, నేను ఖర్మ అనుకుంటాను.

ఒక కప్పు పోటీలో పెద్ద టీము మీద గోల్ కొట్టానని ఒక కథ ఉండేది. నేను చేరిన ఏడాది ఆ గోల్‌ను స్తంభాల ముందుండే పెట్టె లాంటి గీత అంచు నుంచి కొట్టాడు. రెండో ఏటికి ఇంకా వెనక్కి పోయాడు. నాలుగో ఏటికి మైదానం నడిమధ్య నుంచి కొట్టాడు. ఇంకొక ఏడు ఉండుంటే గోడ బయట రోడ్డు మీద నుంచి కొట్టేవాడు.

ఒక్క పని మాత్రం నేర్పాడు. తడి బూట్లలో పాత పేపర్లు కుక్కితే ఆకారం చెడకుండా ఆరతాయి. చిన్న టీముల్లో కొత్తగా చేరినవాళ్లు పెద్దాటగాళ్ల బూట్లు అలాగే చూసుకోవాలట. కాకపోతే అరబ్బీ పేపర్ బూటులో పెట్టకూడదని అతనికి నేను నేర్పాల్సి వచ్చింది. అందులో దేవుడి పేరు ఉంటుంది, చూసినవాడు ఊరుకోడు. ఇంగ్లీషు పేపర్లు ఏరి విడిగా పెట్టుకునేదాన్ని.

భార్యాబిడ్డలు రారా అని లెన్‌ను అడిగితే, భార్య ఎండకు ఓర్వలేదు అనేవాడు. అసలు సంగతి రాజన్న చెప్పాడు. జగిత్యాల నుంచి వచ్చిన రాజన్న క్లబ్ పైపులు, మోటార్లు, మైదానానికి నీళ్లు చూసేవాడు. నన్ను అక్కా అనేవాడు.

“ఎండ కాదక్కా, ఆని ఇఖామా. ప్లంబర్ అని రాసి ఉన్నోనికి ఫ్యామిలీ వీసా ఎట్లిస్తరు?”

“ప్లంబరా? ఈయప్పా?”

“ఔ. ఇంక నవ్వకు, కోచ్‌ను నేను.”

నిజమే. క్లబ్ పెట్టినప్పుడు కంపెనీకి కోచ్ వీసా ఒకటి వచ్చింది. అప్పటికి కోచ్ దొరకలేదు, పైపులు మాత్రం కారుతున్నాయి. ఆ వీసా మీద రాజన్నను తెచ్చుకున్నారు. తర్వాత లెన్ దొరికేసరికి చేతిలో ప్లంబర్ వీసా మిగిలింది. బంతి తన్నేవాడు ప్లంబర్, ప్లంబర్ ఏమో కోచ్. నాలుగేళ్లు ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకునే రోజులు వచ్చాయి. నితాఖత్ అనే లెక్క అంతకు చాలా ముందే వచ్చింది. ఆ దేశపు మనుషుల్ని ఎంతమందిని పనిలో పెట్టుకున్నారో చూసి కంపెనీకి రంగు వేస్తారు. ఆకుపచ్చ అయితే బతికినట్టు, పసుపు అయితే దగ్గు, ఎరుపు అయితే ఇఖామాలు తిరగరాయరు. మెట్లు దిగే లెన్ టీములు నాకు అప్పుడు బాగా అర్థమయ్యాయి. దానికి తోడు లెవీ అని తలపన్ను వచ్చింది. మొదట భార్యాబిడ్డల తలల మీద వేశారు, కాంపౌండ్‌లో ఇళ్లు ఖాళీ అయి మైదానంలో పిల్లలు పలచబడ్డారు. తర్వాత పనివాడి తలకు ఇంత అని కంపెనీ మీద పెంచారు. అప్పుడు మా మీద కన్ను పడింది.

కంపెనీ తరఫున మమ్మల్ని చూసుకునేది హైదరాబాద్ ఖాజా సాబ్. కంపెనీ అప్పుడు పసుపులో ఉంది. ఒకరోజు మా ముగ్గుర్నీ లాండ్రీ గదిలో నిలబెట్టి చెప్పాడు: మక్తబ్ అమల్ వాళ్లు, అంటే లేబర్ ఆఫీసు వాళ్లు, చెకింగ్‌కు వస్తున్నారు. ఇఖామాలో ఒక పని ఉండి చేతిలో ఇంకో పని కనబడితే కంపెనీకి జరిమానా, మనిషికి తర్హీల్. తర్హీల్ అంటే పట్టుకుపోయి వేలిముద్రలు తీసుకుని దేశం దాటించడం. ఆ ముద్ర పడితే మళ్లీ ఆ గడ్డ మీద అడుగు పెట్టలేము.

“పరేషాన్ కావద్దు అమ్మా. ఒక్క పూట డ్రామా. ఎవరి ఇఖామాల ఏముందో ఆ జాగాల నిలబడాలె. నువ్వు మిషన్ కాడ. రాజన్న గ్రౌండ్‌ల విజిల్ పట్టుకొని. లెన్ సాబ్ పానా పట్టుకొని.”

“మరి నువ్వు యాడ నిలబడతావు సారూ?” అన్నాను.

ఆయన ఇఖామాలో ఏది ఉండాలో అదే ఉంది. తన కాగితం తానే చూసుకునేవాడు కదా.

లెన్‌కు సంగతి అర్థం కాగానే మెడ ఎరుపు నెత్తికెక్కింది. తాను ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్‌నని, జన్మలో పానా పట్టనని అరిచి బయటికి పోయాడు. అతను పట్టకపోతే పోయేది అతనొక్కడే కాదు. ఒక అబద్ధం బయటపడితే పక్కనున్న రెండూ తవ్వుతారు. రాజన్న నా వైపు తిరిగాడు.

“పట్టుకుంటే ఏమైతదక్కా? పానా కరుస్తదా? నాకు చూడు, పోరగాండ్లను ఇంగ్లీష్ల తిట్టాలె. నాకు జగిత్యాల తిట్లే వస్తయి.”

తెల్లవాడి పొగరు అనుకున్నాం ఇద్దరమూ. రాజన్నను వెంటబెట్టుకుని నేనే పోయాను. లెన్ మైదానం అంచున కూర్చుని ఉన్నాడు. నేను తెలుగులో అన్నాను, రాజన్న తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు.

“నువ్వే కద సార్ రోజూ చెప్పేది, మేనేజర్ యాడ నిలబెడితే ఆడ ఆడినానని. కుడిపక్క ఆడితి, ఎడమపక్క ఆడితి, కీపర్‌కు దెబ్బ తగిలితే గ్లౌజులేసుకొని ఆ సందులోనూ నిలబడితి అంటివే. ఇదీ అంతే అనుకో. నీ ఒక్కని రోషానికి మేమిద్దరం తర్హీల్‌కు పోవాల్నా?”

చాలాసేపు గడ్డి పీకాడు. తర్వాత లేచి రాజన్న చేతిలో పానా లాక్కున్నాడు.

చెకింగ్‌కు ఇద్దరు వచ్చారు, ఒక పెద్దాయన, ఒక పడుచువాడు. మొదట మైదానం. రాజన్న లెన్ చొక్కా వేసుకుని, విజిల్ నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు. పడుచువాడికి ఆట పిచ్చి ఉన్నట్టుంది, పిల్లలతో ఏదైనా చేయించమన్నాడు. నాలుగేళ్లుగా పైపు పట్టుకుని గడ్డి తడుపుతూ రాజన్న చూసింది ఆ ఒక్క తతంగమే. కోన్లు వరసగా పెట్టించి, ఇద్దరిద్దర్ని ఉరికించి, లెన్ అరిచే అరుపులు అలాగే అరిచాడు. చెయ్యి నడుం మీద పెట్టడం, ఉమ్మడం కూడా దించేశాడు. కాంపౌండ్ పిల్లలు నవ్వుతూనే ఆడారు. పడుచువాడు సంతోషించి, శెభాష్ అని ఒక బంతి తానూ తన్నాడు.

తర్వాత నా దగ్గరికి వచ్చారు. లాండ్రీ గదిలో పాత మిషన్ దుమ్ము దులిపి పెట్టారు. చిరిగిన చొక్కా ఇచ్చి కుట్టమన్నారు. నాకు కుట్టు వచ్చు. ఊళ్లో రవికలు కుట్టినదాన్నే. కానీ పక్కన ఖాజా సాబ్ నిలబడి నా చేతుల వైపే చూస్తున్నాడు. దారం ఎక్కించడానికే ఎంతో సేపు తీసుకున్నాను. కళ్లు చికిలించాను, సూది తుడిచాను, కుట్టు వంకర పోకుండా నత్త నడక నడిపించాను. పెద్దాయనకు ఆవలింత వచ్చింది. చాలు చాలు అని లేచాడు.

ఆ పక్కదే ఆటగాళ్ల గది. అక్కడ గోడకు ఒక వాల్వు ఉంది, రాజన్న ఎన్నిసార్లు బిగించినా నేను చేరిన నాటి నుంచి కారుతూనే ఉంది. దాని కిందే పానా పట్టుకుని లెన్. ఇది ఎందుకు కారుతోంది, బాగు చెయ్యి అన్నాడు పడుచువాడు. మా ప్రాణాలు పోయాయి.

లెన్ ఎవరి వైపూ చూడలేదు. అవతలి గదిలోకి పోయి మెయిన్ కట్టేసి వచ్చాడు. వాల్వు విప్పాడు. పైపు మరచుట్లను గుడ్డతో పొడిగా తుడిచాడు. తెల్ల టేపు బిగించే వైపుకే చుట్టాడు, చుట్టి వేలితో అదిమాడు. వాల్వు పెట్టి బిగించి, మెయిన్ తెరిచి, చెయ్యి వెనక్కి తిప్పి అరచేతి వెనక చర్మంతో కీలు తడిమి చూశాడు. మా ఊరి పనివాళ్లూ చెమ్మ అలాగే చూస్తారు. ఒక్క పూటలో నేర్చుకుని చేసే పని కాదది. చుక్క కారడం ఆగిపోయింది. వచ్చినవాళ్లు తల ఊపి వెళ్లిపోయారు.

విజిల్ మెడలో వేసుకుని వాకిట్లో నిలబడ్డ రాజన్న నోరు తెరుచుకుని ఉంది.

“అక్కా, ఈడు పనోడే! దొంగ నా కొడుకు, గీ నల్లా కారుతున్నదని నాలుగేండ్ల సంది నన్ను తిట్టిండు గదనే!”

ఆ సాయంత్రం లెన్ లాండ్రీకి వచ్చి చేతులు కడుక్కుంటూ తనంతట తానే చెప్పాడు. వాళ్ల నాన్న పైపుల పనివాడు. తానూ చిన్నప్పటి నుంచి అదే. ఆడిన ఏళ్లలో సగానికి పైగా పగలు ఇళ్లల్లో పైపులు బిగించి, సాయంత్రం ప్రాక్టీసుకు పోయేవాడు. ఆ మెట్లలో ఆట ఒక్కటే తిండి పెట్టదు. ఇంటికి పోతే బావమరిది ప్లంబింగ్ వ్యాను తప్ప ఏమీ లేదని, ఆ వ్యాను ఎక్కకూడదనే ఈ దేశం వచ్చానని, ఎవరికీ చెప్పవద్దని అన్నాడు. అప్పటిగ్గానీ ఆ మెడ ఎరుపు నాకు అర్థం కాలేదు. పొగరు కాదు అది, భయం. పైపు పని చేసి తిన్నందుకు మనిషికి సిగ్గు. ఏటేటా వెనక్కి జరిగే గోల్‌కు మాత్రం సిగ్గు లేదు.

నేను ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఖాజా సాబ్ కళ్లు ఉన్నవాడు. కొద్దిరోజులకే లెవీ బాధకు తలలు తగ్గించాలని పైనుంచి మాట వచ్చింది. క్లబ్‌లో ఒకడు చాలన్నారు. రాజన్నకు విజిల్ ఊదడం వచ్చని ఖాజా సాబ్ కళ్లారా చూశాడు. పైపులు ఎటూ రాజన్నవే. లెన్‌కు ఫైనల్ ఎగ్జిట్ కొట్టించాడు. ఫైనల్ ఎగ్జిట్ అంటే మర్యాదగా పంపడం, తర్హీల్ కాదు.

లెన్ ఆఫీసుకు పోయి, పైపులూ తానే చూస్తానని, రెండు పనులూ చేస్తానని అడిగాడు. నాలుగేళ్లు దాచిన సంగతి బల్ల మీద పెట్టి బతిమాలాడు. ఖాజా సాబ్ వచ్చి మా దగ్గర నవ్వుతూ చెప్పుకున్నాడు.

“తెల్లోడు రాజన్న జీతానికి చేస్తడా అమ్మా? చేసినా లేబర్ క్యాంపుల పదిమందితోని పండుతడా? మజాక్ చేస్తున్నడు.”

“అడిగి చూడలేకపోయినావా సారూ?” అన్నాను.

“అడిగితె ఒప్పుకుంటె నాకే తల్కాయ నొప్పి” అన్నాడు.

లెన్ వెళ్లిన మర్నాటి నుంచి పొద్దున పైపులు, సాయంత్రం పిల్లలు రాజన్నకే. జీతం పాతదే. ఆ కంపెనీలో ఇఖామాలో రాసిన పని నిజంగా చేసినవాడు ఖాజా సాబ్ తర్వాత రాజన్నే.

“శెభాష్ అన్నరు గదక్కా ఆనాడు. గా శెభాషే ముంచింది” అన్నాడొకసారి, బురద కాళ్లతో విజిల్ వెతుక్కుంటూ.

నా మీదా ఒక ఆలోచన చేశారు. క్యాంపు మొత్తం యూనిఫారాలు నాతో కుట్టించాలని ఖాజా సాబ్ ఒకరోజు మిషన్ దాకా వచ్చాడు. దాన్ని చూసి, నన్ను చూసి, “అమ్మా, నువ్వు చాలా నెమ్మది” అని వెనక్కి పోయాడు. బట్టలు ఉతుక్కుంటూ ఇంకా కొన్నేళ్లు ఉండి, మామూలు ఎగ్జిట్ మీద ఇంటికి వచ్చాను. అప్పటిదాకా లెన్ బిగించిన వాల్వు కారలేదు.

ఆ ఉద్యోగంలో నేను తెలుసుకున్నది ఇంతే. నీది కాని చోట నిలబెట్టి పని చేసి చూపించమంటే, పట్టుబడనంత మటుకే చెయ్యాలి. అంతకంటే బాగా చేస్తే, చూసేవాడు మెచ్చుకోడు. ఇద్దరిలో ఎవరు అక్కర్లేదో లెక్క వేసుకుంటాడు.