భద్రు పేరుతో నొక్కింది నేనే

కొన్నేళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. మోశాను అంటే ఏదో త్యాగం చేసినట్టు వినిపిస్తుంది. అంత లేదు. ఆ అబద్ధం నాకు మంచి కుర్చీ ఇచ్చింది, మంచి పేరు ఇచ్చింది, దాని మీద నిలబడి పదిమందికి పాఠాలు కూడా చెప్పాను. ఒక్క నిద్ర మాత్రం ఇవ్వలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. నా పేరు రాయను. భద్రు అన్నది కూడా ఆయన అసలు పేరు కాదు. మిగతాదంతా జరిగిందే.

పశువుల ఆరోగ్యం మీద పనిచేసే ఒక చిన్న సంస్థలో నేను ఉద్యోగిని. సొంతూరు జనగామ. అప్పట్లో తొర్రూరు ఆఫీసులో కోఆర్డినేటర్‌ని. ఊళ్లలో, తండాల్లో తిరిగి మేకలకు, గొర్రెలకు టీకాలు వేసే కార్యకర్తలు నా కింద ఉండేవారు. భద్రు వాళ్లలో ఒకడు. గంగారం వైపు అడవి తండాలు ఆయనవి. తనది కూడా అక్కడే ఒక తండా. మేక ఈనలేక అవస్థ పడుతుంటే డాక్టర్ కంటే ముందు భద్రును పిలిచేవాళ్లు. జనం నమ్మింది సంస్థను కాదు, ఆయన్ని. అది అప్పుడు నాకు సరిగా తెలియదు. తెలిసి ఉంటే భయపడేదాన్నేమో.

మా సంస్థలోకి కొత్త యాప్ వచ్చింది. ఎవరి పని ఏమిటి, ఎంతవరకు అయింది, పైనుంచి ఏం చెప్పారు, అన్నీ అందులోనే. అత్యవసరమైన నోటీసు వస్తే ప్రతి ఒక్కరూ దాని కింద "చూశాను" అని నొక్కాలి. నొక్కేదాకా ఆ మనిషి పేరు ఎర్రగా ఉంటుంది. నొక్కగానే పచ్చబడుతుంది. మూడు జిల్లాల కోఆర్డినేటర్లను వీడియో కాల్‌లో కూర్చోబెట్టి ఆ పేర్ల బోర్డును తెర మీద చూపించేవాళ్లు. జనగామలో ఇన్ని ఎరుపులు, భూపాలపల్లిలో ఇన్ని అని. నా తొర్రూరులో ఎరుపు ఉండేది కాదు. దాని గురించి నాకు ఎంత పొగరంటే, ఇంట్లో కూర వండుతూ కూడా ఫోన్ తీసి ఆ పచ్చదనం చూసుకునేదాన్ని.

మరి సిగ్నలే లేని తండాల్లో తిరిగే మనిషి ఎలా నొక్కుతాడు? దానికి మేమే ఒక దారి కనిపెట్టుకున్నాం. అడవి వైపు పనిచేసేవాళ్లంతా వాళ్ల పాస్‌వర్డ్ నాకు చెప్పేశారు. భద్రుది ఆయన కూతురి పేరు. గుట్ట ఎక్కితేనో, మండల కేంద్రానికి వస్తేనో ఫోన్ చేసి ఆరోజు పని చెప్పేవాడు, నేను ఆయన పేరుతో యాప్‌లో ఎక్కించేదాన్ని. ఆయనకొచ్చిన మెసేజ్‌లు చదివి వినిపించేదాన్ని. ఫోన్ కలవకపోతే గంగారం పోయే జీపు డ్రైవర్‌తో కబురు పంపేదాన్ని. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకూడదని రూల్. రూల్ రాసినవాళ్లు ఆ గుట్ట ఎక్కలేదు. ఇందులో తప్పుందని ఎవరం అనుకోలేదు. ఇప్పటికీ అంతవరకు తప్పనుకోను. నమ్మకంతో ఇచ్చారు, నమ్మకంతో వాడాను, ఆ ఒక్క రోజు దాకా.

ఆ రోజు మధ్యాహ్నం నోటీసు వచ్చింది. మొన్న పంపిన టీకా మందుకు దారిలో చల్లదనం తప్పింది, పాడైపోయింది, ఎవరూ వాడొద్దు, వెనక్కి పంపండి. ఒకరి తర్వాత ఒకరు నొక్కుతున్నారు. కాసేపట్లో వీడియో కాల్. నా బోర్డు మీద ఒక్క భద్రు పేరే ఎర్రగా ఉంది. ఫోన్ చేశాను, కలవలేదు. మళ్లీ చేశాను. లేదు. జీపు డ్రైవర్‌తో కబురు పంపితే సరిపోతుంది కదా అనుకున్నాను. ఎలాగూ పంపేదే కదా, ముందు నొక్కేస్తే ఏం పోయింది? ఆయన పేరుతో లోపలికి వెళ్లాను. "చూశాను" నొక్కాను. పచ్చబడింది.

కాల్‌లో నన్ను మెచ్చుకున్నారు. ఆ సంబరంలో కిందికి దిగి టీ తాగాను. జీపు నా ముందు నుంచే వెళ్లిందో, వేరే దారిన వెళ్లిందో కూడా గమనించలేదు. కబురు పంపడం మరిచిపోయాను.

ఎలా మరిచిపోతాను? ఇన్నేళ్లూ నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇదే. నాకు దొరికిన జవాబు ఒక్కటే: ఎర్రగా ఉండి ఉంటే గుర్తుండేది. నేనే పచ్చగా చేసేశాను కాబట్టి నా బుర్రలో కూడా ఆ పని అయిపోయింది. బోర్డుతో అబద్ధం చెప్పించి, మొదట దాన్ని నమ్మింది నేనే. మరునాడో, ఆ మరునాడో భద్రు ఫోన్ చేశాడు, తండాలో మేకలన్నిటికీ టీకాలు వేసేశానని ఉత్సాహంగా చెప్పాడు. నేను టైప్ చేస్తున్నాను. చేస్తూ చేస్తూ ఉంటే పంపని కబురు గుర్తొచ్చింది. అప్పుడైనా చెప్పొచ్చు. మళ్లీ మంచి మందు పంపి వేయిస్తే సరిపోయేది. గోటితో పోయేదే. కానీ ఎందుకు మళ్లీ వేయాలి అని అడుగుతారు, నోటీసు చూసి కూడా ఎందుకు వేశాడని అడుగుతారు, ఎవరు నొక్కారని అడుగుతారు. ఏ రోగమూ రాకపోవచ్చు కదా అనుకున్నాను. "మంచిది భద్రూ" అని ఫోన్ పెట్టేశాను.

రోగం వచ్చింది. వానలు పడ్డాక ఆ తండాలో మేకలకు, ఆ టీకా ఆపాల్సిన పారుడు రోగమే తగిలింది. భద్రు టీకా వేసిన మేకలే పడిపోయాయి. జంకు అవ్వ అని ఒక ముసలావిడ, మేకలే ఆమె బతుకు, మంద మొత్తం పోయింది. "భద్రు సూదిల నీళ్లు పొడిసిండు" అన్నారట తండాలో. మందు ఎక్కడో అమ్ముకుని నీళ్లు పొడిచాడని. వరసకు ఆయనకు చిన్నమ్మ అయ్యే ఆ అవ్వే ఆయన ఇంటి ముందు శాపనార్థాలు పెడుతూ మన్ను ఎత్తిపోసిందట.

తొర్రూరు ఆఫీసులో విచారణ పెట్టారు. తెర మీద నోటీసు, కింద భద్రు పేరు, పక్కన "చూశాను". లోపలికి పిలవబోయే ముందు వరండాలో ఆయనా నేనూ ఇద్దరమే ఉన్నాం. ఆ మాటలు ఒక్కటి కూడా మరిచిపోలేదు.

"అక్కా, గా 'చూశాను' నేనే నొక్కిన్నా?"

"నీ పేరు మీదనే ఉన్నది గద భద్రూ."

"నాకైతే యాదికి లేదు. నువ్వేమన్న నొక్కినవా?"

"నేను నొక్కితే నీకు చెప్పకుంట ఉంటనా?"

ఆయన నా మొహం చూశాడు. అబద్ధం పట్టుకోవడానికి కాదు, నన్ను నమ్మడానికి చూశాడు. తర్వాత తల ఊపాడు.

"గదే అనుకున్న. గుట్ట మీద సిగ్నల్ దొరికినప్పుడు పైపైన నొక్కుకుంట పోత. చదవకుంటనే నొక్కిన్నేమో." గొంతు తగ్గించి అన్నాడు. "పాస్‌వర్డ్ నీకిచ్చిన ముచ్చట లోపట చెప్పను తియ్ అక్కా. పరేషాన్ గాకు. నీ నౌకరికి వస్తది."

చెప్పలేదు. "నేనే చూసి ఉంట సార్" అన్నాడు. తేలు కుట్టిన దొంగలా నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ మనిషి నన్ను కాపాడుతున్నాడు, ఆ కాపాడడాన్నే అడ్డుపెట్టుకుని నేను దాక్కున్నాను. ఆయన్ని పనిలోంచి తీసేశారు. వెళ్లేటప్పుడు నాకు దండం కూడా పెట్టాడు.

ఇంతటితో ఆగితే, పిరికిదాన్ని అని ఊరుకోవచ్చు. ఆగలేదు. యాప్ బాగా వచ్చు కదా అని నన్ను ట్రైనర్‌ని చేశారు. మూడు జిల్లాలూ తిరిగి కొత్తవాళ్లకు నేర్పాలి. పైవాళ్లు తయారుచేసి ఇచ్చిన పాఠంలో ఒక కథ ఉంది: ఒక కార్యకర్త నోటీసు చదవకుండానే "చూశాను" అని నొక్కాడు, మేకలు చచ్చిపోయాయి. అది నేనే చెప్పాలి. మొదటిసారి జనగామలో చెప్పినప్పుడు నా గొంతు నాకే వినిపించలేదు. మహబూబాబాద్‌లో తడబడకుండా చెప్పాను. తర్వాత తర్వాత, సిగ్గు విడిచి చెప్తున్నాను, బాగా చెప్పడం మొదలుపెట్టాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో నేర్చుకున్నాను. జనం చలించేవాళ్లు. టీ తాగేటప్పుడు వచ్చి, మంచిగ చెప్పినరు మేడం అనేవాళ్లు. ఒక మనిషి పరువు తీసి, ఆ పరువునే ఊరూరా తిప్పి చూపించాను. ఏం మనిషిని నేను?

ఈమధ్య భూపాలపల్లి జిల్లా చిట్యాలలో క్లాసు. కథ అయిపోయింది. వెనక వరసలోంచి కొత్తగా చేరిన ఒక అమ్మాయి లేచింది. చదువుకున్న పిల్ల, కళ్లలో బెరుకు లేదు. గాయన ఏమన్నడు మేడం, అని అడిగింది. తప్పు ఒప్పుకున్నాడని చెప్పాను. ఆమె కూర్చోలేదు. ఒప్పుకున్నప్పుడు ఏ మాట అన్నాడు, ఆయన్ని ఎవరైనా సరిగ్గా అడిగారా అంది. తనిఖీలా అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నాకు వరండా కనిపించింది. పరేషాన్ గాకు అన్న గొంతు వినిపించింది. కళ్లు తిరుగుతున్నాయని చెప్పి క్లాసు ముగించాను. ఆ పిల్లే నీళ్ల సీసా తెచ్చి ఇచ్చింది.

ఆ వారంలోనే సంస్థకు అంతా రాసి పంపాను. ట్రైనింగులు ఆపేయమన్నారు. నన్నేం చేస్తారో ఇంకా చెప్పలేదు. తర్వాత గంగారం వెళ్లే జీపు ఎక్కాను.

భద్రు ఇంటి ముందు రేకులు సరిచేస్తున్నాడు. మిరప తోటల్లో కూలికి పోతున్నాడట. కుర్చీ వేశాడు, నీళ్లిచ్చాడు. కూర్చోకుండానే చెప్పేశాను. విన్నాడు.

"నాకు ఎరుకే అక్కా" అన్నాడు. "గా నోటీసొచ్చిన దినం ఫోన్ల ఛార్జింగే లేకుండె. ఇంటికొచ్చినంక యాదికొచ్చింది. నువ్వే వస్తవని చూసిన. శాన దినాలు చూసిన. ఇగ తర్వాత చూసుడు బంద్ పెట్టిన."

"ఎందుకు చెప్పలేదు మరి?"

"ఎవలు నమ్ముతరు? తెర మీద పేరు నాది." రేకు కింద పెట్టాడు. "నాకు చెప్పినవ్, అయిపాయె. తండకు చెప్పు."

నలుగురిని పిలిచాడు. పది పదిహేను మంది అయ్యారు. జంకు అవ్వ కూడా వచ్చి ముందు కూర్చుంది. ఇన్నేళ్లు క్లాసుల్లో మాట్లాడిన నోరు నాది, అప్పుడు కూడా ఆఫీసు భాషే వచ్చింది. సమాచారం చేరడంలో ఒక పొరపాటు జరిగిందని, దానివల్ల మందు విషయం ఇక్కడికి తెలియలేదని, ఏదేదో అన్నాను. అవ్వ వాళ్ల భాషలో భద్రును ఏదో అడిగింది. ఏమంటోంది ఈమె అని అయ్యుంటుంది.

భద్రు నావైపు చూస్తూ తెలుగులోనే జవాబిచ్చాడు. "నన్నడుగకు. ఆమె నోటితోనే చెప్పనీ. నేను చెప్తే మల్ల నా మాటనే అంటరు."

అవ్వ ముందు కింద కూర్చున్నాను.

"అవ్వా, మందు ఖరాబైందని నాకు ఎరుక. భద్రుకు చెప్పలే. ఆయన చూసినట్టు ఆయన పేరు మీద నేనే నొక్కిన. సూదిల నీళ్లు లేవు. ఆయన మంచిగనే వేసిండు. తప్పు నాది."

అవ్వ నన్నే చూసింది.

"మేము వీన్ని తిట్టంగ నువ్వేడున్నవ్ బిడ్డా?"

"తొర్రూర్ల, అవ్వా."

క్షమించమని అడుగుదామనే వెళ్లాను. ఆ ముఖాలు చూశాక అడగబుద్ధి కాలేదు. ఇంత తీసుకున్నాక అదీ ఇవ్వండి అన్నట్టు ఉంటుంది. అవ్వ నా వైపు నుంచి తిరిగి, భద్రు చేయి పట్టుకుని వాళ్ల భాషలో ఏదో చెప్పింది. మెల్లగా, చాలాసేపు చెప్పింది. విచారణలో కూడా తల వంచని మనిషి ఆమె మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చాడు. ఆ మాటల్లో ఒక్కటి కూడా నాకు అర్థం కాలేదు. నేను వినాల్సినవి కూడా కావు. లేచి, చెప్పులు వేసుకుని రోడ్డు వైపు నడిచాను. సాగనంపడానికి ఎవరూ రాలేదు.

ఆ ఏడుపు చూసి కూడా, సిగ్గుతోనే చెప్తున్నాను, ఆ రోజు ఇంటికొచ్చి కడుపు నిండా అన్నం తిన్నాను.