ముందు ఊరు, తర్వాత పేరు

మా చాల్‌లో అన్నీ వరసగా ఒంటిగది ఇళ్లే; పక్క ఖోలీ పెద్దమ్మ పోయింది. పోయిన వారం పొద్దున నల్లా దగ్గర బిందె దించుతూ అమ్మ చెప్పింది: "నిద్రలనే పానం పోయిందంట." నేను గట్టిగా ఏడవలేదు. ఎందుకంత ఏడుపని అడుగుతారని భయం.

పెద్దమ్మ వర్లిలో ఒక ఆఫీసులో డేటాబేస్ పని చేసేది. సాయంత్రాలు మాత్రం పాలమూరు నుంచి ఈ మహానగరానికి కూలికి వచ్చినవాళ్ల పేర్లు, ఊళ్లు, ఇంటి ఫోన్ నంబర్లు తన ఖోలీలోని కంప్యూటర్‌లో ఎక్కించేది. ఎవరికైనా పనిలో దెబ్బ తగిలితే ఇంటికి కబురు అందాలి కదా. మగవాళ్లు వచ్చిపోయే ఆ గదికి నన్ను పోవద్దన్నాడు నాయిన. ట్యూషన్ అని చెప్పి పోయేదాన్ని.

ఒకరోజు ఎల్లయ్య అనే అతను పరంజా మీంచి పడ్డాడు. నేను పేరు కొట్టాను. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. చివరికి ఎల్లయ్యల జాతరే దిగింది.

"కంప్యూటర్ స్లో ఉంది పెద్దమ్మా."

"దాన్నెందుకు తిడ్తవ్ పోరీ? చాల్ల ఉన్న తలుపులన్నీ కొట్టి ఎల్లయ్య ఉన్నడా అని అడుగుమంటివి. పాపం, అడుగుతున్నది."

ఎల్లయ్య భార్యకు కబురు చీకటి పడ్డాకే అందింది. పెద్దమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"మనోళ్లు కలిస్తే ముందుగాల ఏమడుగుతరు? పేరా?"

"ఏ ఊరు అని."

"మరి మిషన్‌కు గా మర్యాద నేర్పొద్దా?"

ముందు ఊరు, తర్వాత పేరు వచ్చేలా ఇండెక్స్, అంటే వెతుకుడు పట్టిక, కట్టింది. ఇక అది అందరినీ చదవదు, నేరుగా ఆ ఊరివాళ్ల దగ్గరికే పోతుంది. ఏది వెతకాలన్నా, ఎట్లా వెతుకుతావు, అందరినీ చదువుతావా నేరుగా పోతావా అని ముందు కంప్యూటర్‌నే అడిగేది. "ఉరికే ముందు తొవ్వ అడగాలె బిడ్డా" అనేది, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని.

నిన్న ఒక కూలీ పరుగున వచ్చాడు. గ్రాంట్ రోడ్ దగ్గర పనిలో తోటివాడు పడ్డాడట, సోయి లేదట. పెద్దమ్మ ఖోలీ ముందు జనం చేరారు. నాయిన కూడా ఉన్నాడు.

"ఆమెనే పోయె. ఇగ గీ మిషన్ నడుపుడు ఎవలకొస్తది?" అన్నాడు నాయిన.

నేను జనంలోంచి ముందుకొచ్చాను. "నాకొస్తది నాయినా."

నాయిన నన్నే చూశాడు. నేను ఆయన వైపు చూడకుండా పోయి కుర్చీలో కూర్చుని, ఊరు, పేరు అడిగి కొట్టాను. కూలీ చెమట తుడుచుకునేలోపే నంబర్ వచ్చింది.

నాయిన జేబులోంచి ఫోన్ తీశాడు. "చదువు" అన్నాడు.

చదివాను. సున్నం అంటిన వేలితో ఒక్కొక్కటే నొక్కాడు. ఎక్కడో పాలమూరులో ఒక ఇంట్లో ఫోన్ మోగసాగింది. నాయిన దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.