నేను సిమెంటు పోయించిన నాలుగు కిటికీలు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది, వానాకాలం మొదట్లో, నన్ను నాగర్‌కర్నూల్ నుంచి వనపర్తికి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా బదిలీ చేశారు. ప్రభుత్వ భవనాల పనిలో ఇది మధ్య మెట్టు. కింద సహాయ ఇంజనీర్లు దగ్గరుండి పని చేయిస్తారు. పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈ, మంజూరు చేస్తారు. మధ్యలో ఉండే డీఈ మాత్రం ఇద్దరికీ తనకు అన్నీ తెలిసినట్టు కనబడాలి. అలా కనబడడంలో నాకు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవం ఉంది.

ఊరి చివర సంస్థానం కాలంలో అతిథుల కోసం కట్టిన చిన్న బంగళా ఒకటి ఏళ్ళ తరబడి తాళం వేసి ఉండేది. పోటీ పరీక్షలకు తయారయ్యే ఆడపిల్లలు కూర్చుని చదువుకోవడానికి దాన్ని బాగుచేయాలని నిర్ణయం జరిగింది. పైకప్పు, కరెంటు, నీళ్ళ పనులు ఒక సహాయ ఇంజనీరుకు అప్పగించి, పద్దెనిమిది కిటికీల సంగతి మాత్రం నేనే చూస్తానన్నాను. పాత కట్టడాలంటే నాకు ప్రత్యేక శ్రద్ధ అని చేరిన మొదటి వారంలోనే అందరికీ చెప్పి ఉన్నాను. అప్పటిదాకా నేను కట్టించినవి పాఠశాల గదులు, మోరీలు, ఒక పశువుల దవాఖాన.

ఆ కిటికీలు మన ఇళ్ళలోలాగా పక్కకు తెరుచుకునేవి కావు. అద్దాలు బిగించిన రెండు చెక్క తలుపులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. కింది తలుపు గాడిలో పైకీ కిందికీ జరుగుతుంది, పైది కదలదు. ఇంజనీరింగు చదివేటప్పుడు వీటిని సాష్ కిటికీలంటారని నేర్చుకున్నాను, పరీక్షలో బొమ్మ కూడా గీశాను. నిజమైనదాన్ని చూడడం మాత్రం అదే మొదలు. పొర మీద పొరగా వేసిన రంగు వల్ల అన్నీ బిగుసుకుపోయి ఉన్నాయి. కింది చెక్కలు కొన్ని నానిపోయాయి.

తనిఖీ అంటే ముందుగా తట్టి చూడడం. నేను ప్రతి కిటికీకి అటూ ఇటూ ఉన్న నిలువు చట్రాన్ని వేళ్ళతో తట్టాను. అన్నీ డొల్లగా మోగాయి. చెదలు లోపలంతా తినేశాయని అక్కడికక్కడే తేల్చేశాను. ఆ చట్రాల పైభాగంలో ఒక్కో చిన్న ఇత్తడి చక్రం, దాని మీదుగా లోపలికి పోయే పాత తాడు కనబడ్డాయి. అవి పూర్వం పంకాలు లాగే తాళ్ళ కోసం పెట్టినవని పక్కనున్నవాళ్ళకు వివరించాను కూడా. పద్దెనిమిది కిటికీలకు ముప్పై ఆరు పంకాలు ఎందుకని నాకు తోచలేదు.

ఆ బంగళాను ఊడ్చి కావలి ఉండే బాలకిష్టమ్మ ఒక్కతే మాట కలిపింది.

"రోడ్డు మీద పెద్ద లారీ పోతె ఆ చెక్కల్ల టక్కుమంటది సార్. ఏదో బరువు ఊగినట్టు."

ఎలుకలు అయ్యుంటాయి అన్నాను. డీఈ చెప్పాక ఎలుకే.

డొల్లగా ఉన్నచోట పలచటి సిమెంటు పోసి నింపడాన్ని మా పనిలో గ్రౌటింగ్ అంటారు. గోడ పగుళ్ళకు అది మంచి మందు. ముందు హాలులో నాలుగు కిటికీలకు చేసి చూద్దామని, ఆ ఇత్తడి చక్రాల పక్క సందులోంచి సిమెంటు పోయించాను. బకెట్ల మీద బకెట్లు పట్టింది. చెదలు ఎంత తిన్నాయో చూడండి అని మేస్త్రీతో అన్నాను. తడి ఆరాక మళ్ళీ తట్టి చూస్తే రాయిలా గట్టిగా మోగింది. ఆ శబ్దానికి నాకు కలిగిన తృప్తి ఇంకా గుర్తుంది.

నానిపోయిన కింది చెక్కలు మార్చడానికి గద్వాల నుంచి చాంద్ పాషా అనే వడ్రంగిని పిలిపించాం. అరవై దాటిన మనిషి. అటువైపు పాత బంగళాల తలుపులు, కిటికీలు బాగుచేయడమే ఆయన పని. రోజూ పొద్దున బస్సులో పెబ్బేరు మీదుగా వచ్చి సాయంత్రం వెళ్ళేవాడు. మొదటి రోజు హాలులో నా నాలుగు కిటికీల ముందు కాసేపు నిలబడి, చక్రం పక్కన గడ్డకట్టిన సిమెంటును గోటితో గీకి చూశాడట. తర్వాత అవతలి గదుల్లోకి పోయి అక్కణ్ణుంచి పని మొదలుపెట్టాడు.

వారం తిరిగేసరికి ఆరు కిటికీలు కదిలాయి. రంగు అతుకును కత్తితో కోసి, తలుపును పట్టి ఉంచే సన్నటి చెక్క పట్టీలు ఊడదీసి, పుచ్చినంత మేర తీసేసి టేకు ముక్క అతికించాడు. సుద్దపొడి, అవిసె నూనె కలిపి పిసికిన పుట్టీతో అద్దాలు బిగించాడు. గాడికి మైనం రాశాడు. వేలితో ఎత్తితే తలుపు పైకి పోయేది, ఎక్కడ వదిలితే అక్కడ నిలిచేది. నేను చూసి మెచ్చుకున్నాను. ఎందుకు నిలుస్తోంది అని అడగలేదు. హాలులోని నాలుగింటి సంగతి మాట్లాడాలని ఆయన రెండుసార్లు కబురు చేశాడు. రెండుసార్లూ తర్వాత చూద్దామన్నాను.

ఈఈ మేడం తనిఖీకి వచ్చిన రోజు పాషా కొత్త తాళ్ళు తేవడానికి గద్వాలలోనే ఉండిపోయాడు. వివరించే అవకాశం నాకు దొరికింది. గుమ్మం పక్కన మొదట తగిలేది నేను సిమెంటు పోయించిన కిటికీల్లో ఒకటి. పరీక్షించడానికి పాషా దాని రంగు అతుకు కోసి, తలుపు కొంచెం ఎత్తి, కింద కర్ర పెట్టి ఉంచాడు. దాన్ని ముట్టొద్దని పాషా చెప్పిపోయాడని బాలకిష్టమ్మ అంది. పరవాలేదన్నాను.

ఒక్క వేలితో ఎత్తవచ్చు మేడం అంటూ ఎత్తబోయాను. ఒక్క వేలు చాలలేదు. వానలకు చెక్క ఉబ్బింది అని చెప్పి, రెండు చేతులతో భుజం దాకా ఎత్తి, కర్ర తీసేసి, ఎడమ చేయి కిటికీ గడప మీద ఆనించి ఆమెవైపు తిరిగాను. ఎక్కడ వదిలితే అక్కడ నిలుస్తుంది అనే మాట సగంలో ఉండగా తలుపు మొత్తం నా చేతి మీద పడింది.

రెండు వేళ్ళ ఎముకలు చిట్లాయి. మేడమే తన జీపులో దవాఖానకు తీసుకువెళ్ళారు. ఆమె నాకంటే పన్నెండేళ్ళు చిన్న. గొంతు పెంచి మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. కట్టు కడుతున్నంతసేపూ పక్కనే నిలబడి, బయటికి వచ్చాక అడిగారు.

"రాఘవేందర్ గారూ, ఆ గడప మీద రేపు ఒక అమ్మాయి చేయి ఉంటే?"

మూడు రోజుల్లో సంజాయిషీ రాసివ్వాలని, బాధ్యులెవరో స్పష్టంగా ఉండాలని చెప్పి వెళ్ళారు.

దెబ్బ తగిలింది ఎడమ చేతికి కాబట్టి రాయడానికి ఇబ్బంది లేకపోయింది. మా సంజాయిషీలు ఇంగ్లీషులో ఉంటాయి. కిటికీని తిరిగి బిగించే సందర్భంలో పనితనపు లోపం వల్ల ప్రమాదం సంభవించినదని ఒక చక్కటి వాక్యం రాశాను. కింద, ఆ సమయంలో పనిలో ఉన్న వడ్రంగి పేరు చాంద్ పాషా అని విడిగా మరో వాక్యం. రెంటినీ కలిపింది నేను కాదు, చదివేవాళ్ళు కలుపుకుంటారు. ఇరవై ఎనిమిదేళ్ళలో నేర్చుకున్న విద్యల్లో ఇది ఒకటి.

మర్నాడు మధ్యాహ్నం పాషా మా ఆఫీసుకు వచ్చాడు. గోనెపట్టాలో చుట్టిన బరువైనదేదో నా బల్ల మీద పెట్టి విప్పాడు. నా చేతి మీద పడిన కిటికీ చట్రంలోంచి తొలిచి తీసిన సిమెంటు గడ్డ. అందులోంచి ఇనుప గుండు కొస, దానికి కట్టిన తాడు ముక్క బయటికి ఉన్నాయి. నా చేతి కట్టు చూసి, నొప్పి తగ్గిందా అని ముందు అడిగాడు. తర్వాత గడ్డ మీద వేలు పెట్టాడు.

"ఇది తూకం గుండు సార్. తలుపు ఎంత బరువుంటదో, రెండు దిక్కుల గుండ్లు కలిపితె అంతే బరువు. తలుపు పైకి పోతె గుండు కిందికొస్తది. గందుకే యాడ ఆపితె ఆడ ఆగుతది. గుండు తిరిగెటందుకే ఆ చెక్కల ఖాళీ పెట్టిండ్రు."

చెదలు అనుకున్నానని చెప్పాను.

"చెదలైతె చట్రం కింది నుంచి పొడి రాలుతది సార్. నన్ను అడిగితె చెప్తుంటి."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే కష్టంగా ఉంది. ఆయన కుర్చీలో కూర్చోలేదు, నేను కూర్చోమనడం మరిచిపోయాను. అసలు సంగతికి వచ్చాడు.

"నా మీద కాయితం పోతుందంటున్నరు. ఏం రాసిండ్రో జర సదివి చెప్పుండ్రి."

కాగితం బల్ల మీదే ఉంది. ఇంగ్లీషు వాక్యం ఒకసారి చదివి, తెలుగులో చెప్పడానికి నోరు తెరిచాను. ఇంగ్లీషులో ఆ లోపం దానంతట అదే జరిగింది. ఎదురుగా నిలబడ్డ మనిషికి చెప్పాలంటే ఎవరు చేశారో చెప్పాలి. పనిలో లోపం జరిగిందని రాశానన్నాను.

"మీరు పోసిన సిమెంటు అని రాసిండ్రా, నేను బిగించిన తలుపు అని రాసిండ్రా?"

అది స్పష్టంగా లేదన్నాను.

"జర సాఫ్ రాయుండ్రి సార్. నాకు కిటికీల పని తప్ప వేరే పని రాదు. పాషా కట్టిన కిటికీ పడ్డదని ఒక్కసారి అంటె, గద్వాల్లనే గాదు, ఇటు కొల్లాపూర్ దాక ఎవ్వరు నన్ను పిలవరు."

బెదిరింపు కాదు, వేడుకోలు కూడా కాదు. కొలత చెప్పినట్టు చెప్పాడు. ఆ నాలుగు కిటికీల సిమెంటు మాత్రం కాగితం ఎట్లా పోయినా తానే తీస్తానని, ఆడపిల్లలు కూర్చునే చోటని చెప్పి, నమస్తే పెట్టి వెళ్ళాడు. గుండు ఉన్న గడ్డ బల్ల మీదే వదిలేశాడు.

సాయంత్రం దాకా ఆ కాగితం ముందే కూర్చున్నాను. నా ధర్మబుద్ధి వెంటనే మేలుకుందని చెప్పుకోలేను. పదోన్నతి జాబితా ఆ ఏడాదే రావలసి ఉంది, దాని గురించే ఎక్కువ ఆలోచించాను. సంజాయిషీలో నా తప్పును సగం ఒప్పుకునే మార్గం ఉందేమోనని మూడు రకాలుగా రాసి చూశాను. సగం ఒప్పుకుంటే మిగతా సగం పాషా మీదే పడుతోంది. చివరికి తెలుగులోనే, అయిదు వాక్యాల్లో రాశాను. చట్రం డొల్లగా ఉండడానికి కారణం తెలుసుకోకుండా గ్రౌటింగ్ చేయించింది నేను. వడ్రంగి మాట్లాడాలని కబురు చేసినా వినలేదు. ముట్టవద్దని చెప్పిన కిటికీని ముట్టింది నేను. ఆయన బిగించిన ఆరు కిటికీలు సరిగా పని చేస్తున్నాయి. బాధ్యత నాది.

మేడం రెండుసార్లు చదివారు. సంజాయిషీ తెలుగులో రావడం ఇదే మొదలు అన్నారు. పది రోజుల తర్వాత హెచ్చరిక మెమో వచ్చింది, నా సర్వీసు రిజిస్టరులో ఎక్కింది. పదోన్నతి ఆ ఏడాది రాలేదు, ఆ తర్వాతా రాలేదు. డివిజను సమావేశాల్లో నన్ను గ్రౌట్ సార్ అనేవారని చాలా రోజులకు తెలిసింది. అప్పటికి అందరికీ అలవాటైపోయింది.

మిగతా గదులు అనుకున్న రోజుకు తెరిచారు, హాలుకు తాళం వేశారు. చట్రం అడుగున రంగు కింద దాగి ఉన్న చిన్న చెక్కమూత ఊడదీసి, పాషా ఉలితో సిమెంటు కొద్దికొద్దిగా రాల్చాడు. ఆఫీసు పని కాగానే నేను వెళ్ళి, పనికొచ్చే ఒక్క చేత్తో దీపం పట్టుకునేవాణ్ణి. ఊడ్చిన సిమెంటు పెళ్ళలు గంపకెత్తుతూ బాలకిష్టమ్మ, ఎలుక దొరికిందా సార్ అని అడిగింది. గుండ్లకు తాడు ఎలా ముడి వేయాలో పాషా నాకు నేర్పాడు. నా మొదటి ముడి అరగంటలో జారింది. రెండోదాన్ని ఆయన విప్పి తనే వేశాడు.

మూడు కిటికీలు బాగయ్యాయి. నాలుగోదాని చట్రం ఉలి దెబ్బలకు నిలువునా చీలింది. దాన్ని ఇక తెరవలేమని పాషా తేల్చాక, మరలు వేసి శాశ్వతంగా మూసేశాం. ఎవరూ లాగకుండా దాని ముందు పుస్తకాల బీరువా పెట్టారు. రెండు నెలలు ఆలస్యంగా హాలు తెరిచిన రోజు, నేను ఎవరికీ ఏమీ వివరించలేదు. ఒక అమ్మాయి కిటికీ తలుపు ఎత్తి వదిలి, గడప మీద మోచేయి ఆనించి పుస్తకం తెరిచింది. తలుపు కదలకుండా నిలిచేదాకా నేను ఊపిరి బిగబట్టి ఉన్నాను. పాషా అటు చూడనే లేదు. తన పనిముట్లు సర్దుకుంటున్నాడు.

దాని వల్ల నేర్చుకున్నవి రెండు. పాత కట్టడంలో ఏదైనా లోపంగా కనబడితే, అది లోపమని రాసే ముందు, కట్టినవాడు దాన్ని ఎందుకు అలా ఉంచాడో తెలిసినవాళ్ళను అడగాలి. తెలిసినవాళ్ళు చాలాసార్లు మన జీతాల జాబితాలో అడుగున ఉంటారు, లేదా అసలు ఉండరు. రెండోది, ఎవరి మీదైనా కాగితం రాస్తే ఆ మనిషికి ఎదురుగా, అతని భాషలో చదివి వినిపించగలిగేలా రాయాలి. ఉద్యోగంలో మిగిలిన నాలుగేళ్ళూ ఈ రెండూ పాటించాను. నా అంచనాలు ఆలస్యమయ్యేవి, నా నివేదికలు పొట్టిగా ఉండేవి. తప్పులు తగ్గాయి కానీ, పూర్తిగా పోలేదు.