ఎర్రచాప మీద దిగమంటే

నా మూలంగా ఒక పట్టపగలు మా సారు, ఆయన వెంట వచ్చిన ఇద్దరు అధికారులు, మా పైలట్, అయిదుగురు ఆడవాళ్లు, దారి పక్కన కట్టేసి ఉన్న ఒక గేదె, అందరూ వలవలా ఏడ్చారు. ఇందులో ఒక్క ముక్క కూడా కోత కాదు. మీరు నవ్వుకోండి, నాకింకా పూర్తిగా నవ్వు రావడం లేదు.

నేను ఫ్లైట్ టెస్ట్ ఇంజనీర్‌ని. ఈ మాట మా నాన్నకు చెప్పిన రోజు గుర్తుంది.

"విమానం నువ్వు నడుపుతావా అమ్మాయ్?"

"లేదు నాన్నా, దానికి పైలట్ ఉంటాడు."

"చెడిపోతే బాగు చేస్తావా?"

"దానికి మెకానిక్ ఉంటాడు."

"మరి నువ్వేం చేస్తావు?"

"సరిగ్గా ఎగురుతోందో లేదో చూసి రాసుకుంటాను."

"ఎగిరితే కనపడదా? రాసుకోవడం దేనికి?"

నిజానికి నాది విమానం కూడా కాదు, పొలంలో మందు కొట్టే డ్రోను. ఆ సంగతి ఆయనకు చెప్పనే లేదు. ఆయన మాత్రం కూతురికి విమానాల్లో ఉద్యోగమని చుట్టుపక్కల నాలుగూళ్లకూ చాటింపు వేసేశాడు.

మా డ్రోనుకు ఒక కొత్త విద్య నేర్పాం. మందు కొట్టడం అయిపోగానే కెమెరాతో కింద వెతుక్కుని, పరిచిన చాప మీద తనంతట తానే దిగాలి. చాప ఏ రంగుదన్నది నా నిర్ణయమే. ఆగస్టులో బెంగళూరు ఆఫీసులో కూర్చుని, "పచ్చటి పొలాల్లో ఎరుపైతే కొట్టొచ్చినట్టు కనపడుతుంది సార్" అన్నాను. "పొలాల్లో పెరిగిన పిల్లవి, నీకే తెలియాలి" అని సారు మురిసిపోయారు. అక్కడి మైదానంలో పదిసార్లు ఎగరేస్తే పదిసార్లూ చాప నడిమధ్యనే దిగింది. నేనూ నేల మీద నడవడం మానేశాను.

అసలు పరీక్ష ఫిబ్రవరిలో, ప్రత్తిపాడు దగ్గర, మా ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో. మొత్తం నా చేతుల మీదుగా జరిగే మొదటి టెస్టు. బాగా జరిగితే ఉద్యోగం పర్మనెంట్, లేకపోతే పెట్టె సర్దుకోవడమే.

గుంటూరు వాళ్లయితే ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. ఆ రోజుల్లో మా వైపు ఎటు చూసినా కల్లాలే, కల్లాల నిండా నలుచదరంగా ఆరబోసిన మిరపకాయలే. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. కానీ పైనుంచి చూసేదానికి అవి ఎలా కనపడతాయో నా బుర్రకు తట్టలేదు. ఇంట్లో పండేది మిరప, తలకాయలో ఘాటు సున్నా.

షామియానా కింద నేనూ నా స్క్రీనూ. పక్కనే రిమోట్ పట్టుకుని పైలట్ కిషోర్. వెనక కుర్చీల్లో సారూ, ఇద్దరు అధికారులూ. నేను 'ఆపు' అంటేనే అతను డ్రోనును తన చేతిలోకి తీసుకోవాలి. ట్యాంకులో మందు బదులు మంచినీళ్లు పోశాం. చల్లడం అయింది, డ్రోను తిరుగుముఖం పట్టింది.

"మేడమ్, అది మన వైపు రావడం లేదు."

"వస్తోంది కిషోర్. స్క్రీన్ మీద చాప కనపడుతోందిగా."

"చాప ఇక్కడుంది. అది అటు పోతోంది."

"ఎండకి నీకలా అనిపిస్తోంది. స్క్రీన్ తప్పు చెప్పదు."

నేను పట్టిన స్క్రీనుకి మూడే కాళ్లు.

అతను నా భుజం మీదుగా తొంగి చూశాడు. "మన చాప ఇంత పెద్దదా మేడమ్?"

"దగ్గరికొస్తే పెద్దగానే కనపడుతుంది."

"దాని మీద మనుషులు కూర్చున్నారు."

చూశాను. నిజమే, తలలకు గుడ్డలు చుట్టుకున్న అయిదుగురు ఆడవాళ్లు.

"మన చాప మీద వీళ్లెందుకు కూర్చున్నారు?" అన్నాను.

అప్పుడైనా 'ఆపు' అనాలి కదా? అనలేదు. "వాళ్లని లేవమను!" అని అరిచాను. నయం, నేను చెప్పకుండానే వాళ్లు లేచి పరుగెత్తారు. డ్రోను రోడ్డవతల కల్లం నడిబొడ్డున హాయిగా దిగింది. దాని ఆరు రెక్కల గాలికి ఎండుమిరపకాయలు ఆకాశానికి లేచాయి. వెనకే ఘాటు లేచింది. సారు నా వైపు తిరిగి ఏదో అనబోయి తుమ్మారు. అధికారులు తుమ్మారు. గేదె తాడు తెంపుకుంది. నా స్క్రీను మాత్రం పచ్చటి అక్షరాలు చూపించింది. అలవాటు కొద్దీ నేను, "ల్యాండింగ్ సక్సెస్ సార్!" అని కేక పెట్టాను.

మేం పరుగున వెళ్లేసరికి కల్లం ఆసామి సుబ్బాయమ్మగారు డ్రోను మీద టార్పాలిన్ పట్టా కప్పేసి, కోడిని గంప కింద మూసినట్టు మూసి, కాపలా కూర్చుంది.

"ఏందమ్మా ఇది? మబ్బూ లేదు మాయా లేదు, నా కాయల మీదకి గాలివాన తెచ్చారు!"

"టెస్టు చేస్తున్నామండీ. సరిగ్గా దిగుతుందో లేదో అని..."

"దిగిందిగా! ఇంక కాయలేరండి. మంచికాయ ఇటు, తాలుకాయ అటు. మొత్తం ఏరినాకే మీ కోడిని వదిలేది."

కల్లంలో కాలు పెట్టాక తుమ్ముకు వెరవనేల! అందరం గొంతుక్కూర్చుని ఏరాం. "కళ్లు మాత్రం తుడుచుకోకండి సార్" అన్నాను. ఆ మాటతోనే ఆయనకు గుర్తొచ్చి తుడుచుకున్నారు.

"ఎవరమ్మాయివే నువ్వు?" అంది సుబ్బాయమ్మగారు. చెప్పాను. "ఓసినీ! విమానాలని మీ నాయన చెప్పింది దీని గురించా?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. ముఖం ఎర్రబడింది గానీ, ఆ రోజు అందరి ముఖాలూ అలాగే ఉన్నాయి కాబట్టి ఎవరూ గమనించలేదు.

మధ్యాహ్నానికి కల్లం ఒక కొలిక్కి వచ్చింది. సారు తడిగుడ్డ కళ్లకు అద్దుకుంటూ అడిగారు, "రిపోర్టులో తప్పేమిటని రాస్తావు?"

"చాప రంగూ కల్లం రంగూ ఒకటే అయ్యాయి సార్."

"ఇక మీదట?"

ఇక్కడ నా తెలివి చూపించాలనుకున్నాను. "ఎరుపు తీసేద్దాం సార్. మంచి పసుపు రంగు చాప పెడదాం. వచ్చేవారం దుగ్గిరాల టెస్టుకి కొత్తదే!"

మజ్జిగ గ్లాసులు పట్టుకొస్తున్న సుబ్బాయమ్మగారు ఆగిపోయింది. "దుగ్గిరాలా? అక్కడ ఇప్పుడు ఊరంతా పసుపు కొమ్ములు ఆరబోసి ఉంటారు గదమ్మా!"

సారు తడిగుడ్డ మళ్లీ కళ్లకు అద్దుకున్నారు. "పర్మనెంట్ సంగతి ఇంకో మూడు నెలలు ఆగి చూద్దాం" అన్నారు. ఆయన కంట నీళ్లు జాలివో, ఘాటువో నాకిప్పటికీ అంతుబట్టదు.

కాబట్టి యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, ఇక మీదట ఏ ఊరు వెళ్లినా ముందు అక్కడి ఆడవాళ్లని అడిగి, ఏం ఆరబోశారో, అది ఏ రంగో రాసుకుని, కింద వాళ్ల చేత సంతకం పెట్టించుకోనిదే స్విచ్చి ముట్టుకోను. అమరేశ్వరుడి మీద ఒట్టు!