చూడని పక్కకు చుక్కల గీత

ఈ ఉదయం పార్సిల్ పెట్టె మూత తీయగానే నాఫ్తలీన్ వాసన గుప్పుమంది. దక్షిణ అమెరికా వానల అడవుల్లో పట్టి, సూదులకు గుచ్చి పంపిన ఆకుదోమలు అందులో ఉన్నాయి. మా కోలారు జిల్లాలో మామిడి పూతను పాడుచేసే తేనెమంచు పురుగుకు ఇవి దూరపు చుట్టాలు. వీటిలో కొత్త జాతులను గుర్తించి, బొమ్మ గీసి, వర్ణన రాయడం నా ఉద్యోగం. ఆ వాసన తగిలితే చాలు, నాకు మునిరత్నం సారు ఇంటి బీరువా గుర్తుకొస్తుంది. పటాలకు పురుగు పట్టకుండా ఆయన ఒక్కో అరలో ఒక్కో నాఫ్తలీన్ ఉండ వేసేవారు.

కోలారు బంగారు గనుల చాంపియన్ రీఫ్స్‌లో మా ఇంటికి మూడిళ్ల అవతల ఉండేవారాయన. గని నడిచినన్నాళ్లూ భూమి లోపలి సొరంగాల పటాలు గీశారు. గని మూతపడ్డాక చెయ్యి ఊరుకోక, మా గని ఇళ్ల లైనులోని పిల్లలకు డ్రాయింగు నేర్పారు. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. ఎంత బాగా గీసినా కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "ఊఁ, ఇంగోటి గియ్యి" అనేవారు. నాకేమో ముక్కుమీద కోపం. రెండుసార్లు పెన్సిలు విసిరేసి వచ్చాను. రెండుసార్లూ మర్నాడు నేనే వెళ్లాను. అప్పటికే ఆయన దాన్ని చెక్కి ఉంచేవారు.

బెంగళూరులో పరిశోధనలో చేరిన మూడో ఏట నా మొదటి కొత్త జాతి దొరికింది. ఆకుదోమలు పైకి చూస్తే చాలావరకు ఒకేలా ఉంటాయి. మగదాని పొట్ట చివర, లోపల దాగిన సన్నటి ముళ్లను మైక్రోస్కోపు కింద చూస్తే గాని ఏది ఏదో తేలదు. నా దగ్గరున్నది అలాంటి దూరపు అడవి నుంచే వచ్చిన ఒకే ఒక్క మగ పురుగు. బొమ్మ గీశాను, వర్ణన రాశాను, సోమవారం పరిశోధన పత్రికకు పంపాలి. శనివారం ఆ బొమ్మ పట్టుకుని రైలెక్కాను. ఈసారైనా ఆయన నోట "బాగుండాది" అనిపించుకోవాలని ఆశ.

సారు బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూశారు.

"కుడిపక్క ముల్లు చూసి గీసినావు. ఎడమపక్కది చూసినావా?"

ఎడమ ముల్లును ఎండిన పొర కప్పేసి ఉంది. శుభ్రం చేయబోతే విరుగుతుందని భయపడి, కుడివైపు గీతనే ట్రేసింగ్ కాగితం తిరగేసి దించేశాను.

"రెండు పక్కలా ఒకే మాదిరి ఉంటుంది సార్. అందరూ అట్లే గీస్తారు."

"అందర్నీ అడగలేదమ్మా, నిన్ను అడిగినా. చూసి గీస్తే గీత యాడో ఒకచోట ఆగతాది. ఈ ఎడమపక్కది యాడా ఆగలే."

బీరువాలోంచి పాత పటం తీసి నేల మీద పరిచారు. నిండు గీతల మధ్య అక్కడక్కడా చుక్కల గీతలు ఉన్నాయి.

"కొలిచిన సొరంగానికి నిండు గీత, కొలవందానికి చుక్కలు. చూసేకి బాగలేదని పైవాళ్లు తిట్టినారు. అయినా నేను మార్చలే. దీన్ని నమ్మి లోపలికి దిగేవాళ్లు ఉంటారు కదమ్మా."

టీ కూడా తాగకుండా వచ్చేశాను. ఆయన చెప్పింది నిజమని తెలుసు కాబట్టే అంత మండింది. ఆ కోపం తిరుగు రైలు బంగారుపేట జంక్షను చేరేదాకా కూడా నిలవలేదు.

సోమవారం పత్రికకు పంపలేదు. ముల్లు విరిగితే మూడేళ్ల పని మట్టిపాలు. పురుగును గ్లిజరిన్ చుక్కలో ఉంచి, పుల్లకు అంటించిన కనురెప్ప వెంట్రుకతో రెండు రోజులు ఆ పొరను తుడిచాను. ఎడమ ముల్లు బయటపడింది. పొడవు కుడిదానిలో సగమే, కొస వెనక్కి వంగి ఉంది. నా మొదటి వర్ణన పట్టుకుని ఎవరు ఆ అడవిలో వెతికినా ఆ పురుగును పోల్చుకోలేకపోయేవారు. సంతోషమో భయమో, మైక్రోస్కోపు ముందే ఏడ్చేశాను.

కొత్త బొమ్మ తీసుకెళ్లి, ఆ జాతికి ఆయన పేరు పెడతానన్నాను.

"వద్దమ్మా. అది పుట్టిన ఊరి పేరు పెట్టు. నేను దాన్ని చూళ్లేదు" అన్నారు. బొమ్మ మాత్రం రెండుసార్లు చూశారు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "టీ తాగి పో" అన్నారు. ఇంకోటి గియ్యమనలేదు. ఆ రోజంతా నాకు కాలు నేల మీద నిలవలేదు.

సారు పోయి నాలుగేళ్లయింది. ఆ జాతి ఆడ పురుగు ఇప్పటికీ ఎవరికీ దొరకలేదు. దగ్గరి జాతులను బట్టి దాని గురించి రెండు వాక్యాలు ఊహించి రాయమని వర్ణన పంపేటప్పుడు మా రంగంలోని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చారు. నేను రాయలేదు. వర్ణన చివర "ఆడ పురుగు: చూడలేదు" అని ఉంటుంది. నా పేరు కింద అచ్చయిన వాక్యాలన్నిటిలోనూ నాకు ఎక్కువ ఇష్టమైనది అదే.